నమోదు కాని ఆనందం

ఆదివారం సాయంత్రం మా గల్లీకి చుట్టాలెవరూ రారు. వస్తే తలుపులకు తాళాలు కనిపిస్తాయని వాళ్ళకు తెలుసు. ఇందుకు కారకురాలు మణెమ్మక్క.

మణెమ్మక్కది రాంనగర్‌లో నేనుంటున్న ఇంటి కింది వాటా. చీరలకు ఫాల్ కుడుతుంది, జాకెట్లకు హుక్కులు వేస్తుంది. వారమంతా తలెత్తకుండా పనిచేసే ఆ మనిషి, ఆదివారం అన్నాలు తిని గిన్నెలు కడగ్గానే మిషను మీద గుడ్డ కప్పేస్తుంది. జుట్టు దువ్వుకుని గల్లీ మధ్యకు వచ్చి నిలబడి, "ఎవరెవరొస్తరే?" అని ఒక్క కేక వేస్తుంది. ఆ కేకకు ఇళ్ళలోంచి ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ బయటికి వస్తారు. వాళ్ళ వెనకాల నేను. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను, ఒంటరివాణ్ణి, నీళ్ళ సీసాల సంచి మోయడానికి పనికొస్తాను.

ఆ బృందానికి ఒకటే నియమం. బయట దేనికీ డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఆడవాళ్ళకు బస్సు ఎట్లాగూ ఉచితమే కాబట్టి, మొత్తం బృందంలో టికెట్టు కొనేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ విషయంలో మణెమ్మక్కకు నా మీద జాలి ఉండేది.

డబ్బు లేకుండా హైదరాబాదులో ఎంత చూడొచ్చో ఆమె వెంట తిరిగితేగాని నాకు తెలియలేదు. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణం ముందు నిలబడి చెయ్యి చాపితే మణికట్టు మీద ఒక చుక్క రాస్తారు. ఒక్కొక్కరు ఒక్కో దుకాణంలో చెయ్యి చాపేవారు. తిరుగు బస్సులో కండక్టరు "పెండ్లికి పోయొస్తున్నరా అమ్మా?" అని అడిగేవాడు. పట్టుచీరల దుకాణాల్లో చల్లగా కూర్చుని అంచులు పట్టి చూసేవారు. ఫంక్షన్ హాళ్ళ రోడ్డులో పెళ్ళి బరాత్ వస్తుంటే మర్ఫా డప్పుల మోతకు పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవారు. నా వంతుగా నేను పుస్తకావిష్కరణ సభలకు తీసుకెళ్ళాను. అక్కడ సమోసా పెడతారు. ఒక సభలో రచయిత మా వైపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బంధువులు కానివాళ్ళు తన సభకు రావడం అదే మొదటిసారట.

ఈ బృందంలో అందరికంటే ముందు తయారై అరుగు మీద కూర్చునేది అనసూయ. ఆమెది మా పక్క ఇల్లే. భర్త మల్లేశానికి పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. మాట సరిగా రాదు. వారంలో ఆరు రోజులు ఆమె ఆ మంచం పక్కనే ఉంటుంది. మొబైల్ షాపులో పనిచేసే కొడుకు ఆదివారం సాయంత్రం ఇంట్లో ఉంటాడు కాబట్టి, ఆ కాస్త సేపే ఆమెకు బయటి గాలి. మేం ఎక్కడికి వెళ్ళినా, తిరిగొచ్చాక చూసినదంతా మొగుడికి చెప్పేది.

ఒక ఆదివారం మేం ట్యాంక్‌బండ్ మీద చెట్టు కింద కూర్చున్నాం. నీళ్ళలో బాతు ఆకారపు పడవ ఒకటి తిరుగుతోంది. కొత్తగా పెళ్ళయిన జంట అందులో ఎక్కి, చెరొక దిక్కుకు తొక్కుతున్నారు. బాతు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతోంది. మావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. కొంచెం దూరంలో సఫారీ సూటు వేసుకున్న ఒకాయన, ఒళ్ళో ఫైళ్ళ సంచితో, చాలాసేపు మమ్మల్ని గమనించి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీరు ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకోవచ్చా?"

"గా బాతును జూసి సారూ," అంది మణెమ్మక్క.

"అది కారణం. నేనడిగేది ఆధారం. మీరు ఏ పథకం కింద నవ్వుతున్నారు?"

మణెమ్మక్క తలెత్తి పైకి చూసింది. "గీ చెట్టు కిందనే గద సారూ కూసున్నం."

ఆయన ముఖం పాలిపోయింది. నా పక్కకు వచ్చి, నా సంచిలోని సీసా తీసుకుని నీళ్ళు తాగాడు. తన పేరు పరాంకుశం అనీ, మహానగర ఆహ్లాద ప్రాధికార సంస్థలో డిప్యూటీ డైరెక్టరు అనీ చెప్పాడు. నగర పౌరులకు ఆనందం కలిగించడానికి ఆ సంస్థను పెట్టారు. పెట్టినప్పటినుంచీ భవనం, కుర్చీలు, బోర్డు మీది అక్షరాల రంగు తేల్చడంలోనే కాలం గడిచింది. ఆనందం అనే పద్దు కింద రాయడానికి ఇంతవరకూ ఏమీ దొరకలేదు.

"నగరం నడిబొడ్డున, పట్టపగలు, ఇంత ఆనందం మా సంస్థ దృష్టికి రాకుండా జరిగిపోతోందా!" అన్నాడాయన. "ఎక్కడా నమోదు కాలేదు. దీనికి బాధ్యులెవరు?"

"బాధ్యులేంది సారూ, ఊకెనే అయింది," అంది మణెమ్మక్క. "మీరు గూడ కూసోండ్రి. పొద్దు గూకుడు మంచిగుంటది."

పరాంకుశం గారు కూర్చోలేదు. ఆయనకు పని దొరికింది.

తర్వాత జరిగినదంతా చాలా వేగంగా జరిగింది. ప్రభుత్వాలు నెమ్మదిగా పనిచేస్తాయనేవాళ్ళు ఆ సంస్థను చూడలేదు. పెద్ద సభ పెట్టారు. ఉచిత నగర విహార పథకాన్ని ప్రకటించారు. మణెమ్మక్కకు శాలువా కప్పారు. ఆ శాలువాకు అంచు కుట్టు ఊడిపోయి ఉందని ఆమె వేదిక మీదే నా వైపు చూపించింది. పరాంకుశం గారు మైకు ముందుకు వచ్చారు.

"ఇంతకాలం అసంఘటిత రంగంలో మగ్గిపోతున్న ఆనందాన్ని సంఘటిత రంగంలోకి తీసుకురావడమే ఈ పథకం ముఖ్యోద్దేశం. ఇకపై నగరంలో ఏ పౌరుడూ తన ఖర్మకు తాను ఆనందించవలసిన దుస్థితి ఉండదు. ప్రతి ఆనందం వెనుకా సంస్థ ఉంటుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ప్రూఫు దిద్దేవాడికి అర్థంతో పనిలేదు, వాక్యం తప్పు లేకుండా ఉంది.

పథకం ప్రకారం ఆహ్లాద కార్డు ఉన్నవాళ్ళే నగర పరిధిలో ఖర్చు లేకుండా ఆనందించవచ్చు. కార్డు లేకుండా ఆనందిస్తే అది అనధికార ఆహ్లాదం. అలాంటివాళ్ళకు జరిమానా వేస్తే పథకం ఉచితం కాకుండా పోతుంది కాబట్టి, ఒక రోజంతా అవగాహన సదస్సులో కూర్చోబెడతారు. ఒకసారి కూర్చుని వచ్చిన మా గల్లీ కిరాణా కొట్టు ఆయన, ఆ తర్వాత చాలా రోజులు తన దుకాణంలో కూడా ముఖం ముడుచుకునే ఉన్నాడు.

మొదట్లో మణెమ్మక్క సంతోషించింది. "సర్కారోళ్ళే పిలిచి సూపిస్తమంటే మంచిదే గద సారూ," అంది నాతో. మా అందరికీ కార్డులు వచ్చాయి. అనసూయ తన కార్డును దేవుడి పటం దగ్గర పెట్టుకుంది.

పథకంలో మొదటి కార్యక్రమం సూర్యాస్తమయ దర్శనం. ట్యాంక్‌బండ్ మీద తాళ్ళు కట్టారు. నీళ్ళ వైపు వరుసగా కుర్చీలు వేశారు. ఆహ్లాద పర్యవేక్షకులని ఆకుపచ్చ కోట్లు, మెడలో ఈలలతో కుర్రాళ్ళు నిలబడ్డారు. గాలి వీచగానే మణెమ్మక్క అలవాటుగా లేచి నిలబడి చేతులు చాపింది. వెంటనే ఈల మోగింది.

"అమ్మా, కూర్చోండి. వెనక వరుస లబ్ధిదారులకు గాలి అందట్లేదు."

ఆమె కూర్చుంది. అవతలి ఒడ్డున ఆకాశం ఎర్రబడడం మొదలైంది. చూడబోతుంటే మళ్ళీ ఈల.

"ఇంకా ప్రారంభించలేదమ్మా. ముఖ్య అతిథి గారు దారిలో ఉన్నారు. వారు రిబ్బను కత్తిరించాకే చూడాలి. దయచేసి అందరూ తలలు దించుకోండి."

మేమంతా తలలు దించుకున్నాం. మా ముందు సూర్యుడు ఏం చేస్తున్నాడో తెలియదు. మా చెప్పుల మీద పడ్డ వెలుగు బంగారు రంగు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి బూడిద రంగుకు మారింది. పరాంకుశం గారు ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి రోడ్డు వైపు పరుగులు పెట్టారు. ముఖ్య అతిథి కారు దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆయన రిబ్బను కత్తిరించి, జ్యోతి వెలిగించి, "ఎక్కడ?" అని అడిగారు. పరాంకుశం గారు చీకట్లోకి వేలు చూపించారు. ముఖ్య అతిథి కాసేపు ఆ చీకటిని చూసి, "అద్భుతం" అన్నారు. అప్పుడు మేం తలలెత్తడానికి అనుమతి వచ్చింది.

మర్నాడు సమీక్షా సమావేశం జరిగింది. సూర్యాస్తమయం ఆఫీసు వేళలు అయిపోయాక జరుగుతోందనీ, ముందస్తు సమాచారం లేకుండా వేళ మారిపోతోందనీ, పైగా ఆదివారం సిబ్బందికి సెలవనీ తేలింది. కనుక సంస్థ ఒక సంస్కరణ తెచ్చింది. ఇకపై సూర్యాస్తమయం బుధవారం పొద్దున పదకొండు గంటలకు, సంస్థవారి సమావేశ మందిరంలో, తెర మీద జరుగుతుంది. అది చూసినవాళ్ళు మళ్ళీ అసలుది కూడా చూస్తే ఒకే లబ్ధిని రెండుసార్లు పొందినట్టవుతుంది. అందుకని చెరువు పొడుగునా ఎత్తుగా ఆకుపచ్చ గుడ్డ కట్టించారు.

నేను ప్రెస్సు యజమానికి, బుధవారం పొద్దున సూర్యాస్తమయం చూడడానికి సెలవు కావాలని రాసిచ్చాను. ఆయన అది నా చేతి తప్పనుకుని 'సూర్యోదయం' అని దిద్ది సంతకం పెట్టాడు.

మందిరంలో తెర మీద సూర్యుడు అస్తమిస్తూ మధ్యలో ఆగిపోయాడు. కరెంటు వచ్చాక మిగతాది అస్తమించాడు. తర్వాత అత్తరు కార్యక్రమం. మూత బిగించిన సీసాను వరుసలో ఒకరి చేతినుంచి ఒకరి చేతికి అందించారు. ఆఖరున పెళ్ళి ఊరేగింపు. సంస్థ గుమాస్తాలు డప్పులు కొడుతూ మందిరం చుట్టూ తిరిగారు. గుర్రం ఉంది గాని దాని మీద ఎవరూ లేరు.

"పెండ్లి కొడుకేడి?" అని అడిగింది మణెమ్మక్క.

"గుర్రం మంజూరైందమ్మా. పెళ్ళికొడుకు ఫైలు పైన ఉంది," అన్నాడు డప్పు కొడుతున్న గుమాస్తా.

ఆ బుధవారం మాతో అనసూయ లేదు. బుధవారం కొడుక్కి డ్యూటీ. ఆదివారం బయటికి వెళ్దామంటే, సంస్కరణ తర్వాత కార్డు మీద బుధవారం అని ముద్ర వేశారు కాబట్టి అది అనధికారం. మేం వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మంలో నిలబడింది.

"నువు పొయ్యి జూసిరా అక్కా. వచ్చినంక నాకు చెప్పు. నేను ఆయనకు చెప్పుకుంట," అంది.

తిరిగొచ్చాక మణెమ్మక్క ఆ ఇంటి మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. ఏం చూశారని మల్లేశం మంచం మీంచి కళ్ళతో అడుగుతున్నాడు. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అలా వరసగా కొన్ని బుధవారాలు గడిచాయి. అనసూయ గుమ్మంలోకి రావడం కూడా మానేసింది. ఒక రోజు మణెమ్మక్క మిషను ఆపేసి లేచింది.

"పాండ్రి. కార్డులు వాళ్ళ మొకాన కొట్టొద్దాం. మా సంతోషం మాకు వాపసు ఇయ్యుండ్రని అడుగుదాం."

అనసూయ కొడుకు ఆ రోజు సెలవు పెట్టాడు. అందరం కలిసి సంస్థ ఆఫీసుకు వెళ్ళాం. పరాంకుశం గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. విషయం విని, కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"పథకంలో ప్రవేశానికి నిబంధనలున్నట్టే, నిష్క్రమణకూ ఉన్నాయి. సంస్థ రికార్డుల ప్రకారం ప్రస్తుతం మీరంతా ఆనందంలో ఉన్నారు. ఆనందంలో ఉన్న లబ్ధిదారుని వదులుకునే అధికారం నాకు లేదు. మీరు దుఃఖంలో ఉన్నట్టు రుజువైతే దుఃఖ ధ్రువపత్రం ఇవ్వగలను. దుఃఖితులు పథకం పరిధిలోకి రారు. వారు నగరంలో ఎక్కడికైనా, ఏ రోజైనా వెళ్ళవచ్చు."

"అయితే మేం దుక్కంలనే ఉన్నం, రాసియ్యుండ్రి," అంది మణెమ్మక్క.

"అలా కుదరదు. విచారించాలి. మీకున్న దుఃఖాలేమిటో సవివరంగా చెప్పండి."

మణెమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది. కళ్ళు సరిగా కనపడక మొన్నొకామె ఎర్రచీరకు పచ్చ ఫాల్ కుట్టిందట. ఆమె దాన్ని అలాగే కట్టుకుని పెళ్ళికి వెళ్తే, కొత్త ఫ్యాషన్ అనుకుని నలుగురు వచ్చి తమ చీరలకూ అలాగే కుట్టమన్నారట. ఇప్పుడు తప్పు లేకుండా కుడితే తిరిగిచ్చేస్తున్నారట. "నా కండ్లు బాగైతే నా గిరాకి పోతది సారూ, గీ దుక్కం ఎవరికి చెప్పుకోను!" అంది. టైపు చేస్తున్న గుమాస్తా నవ్వాడు. మావాళ్ళు నవ్వారు. టీ తెచ్చిన మనిషి గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వాడు.

పరాంకుశం గారు నవ్వలేదు. కాగితం మీద రాసి, చదివి వినిపించారు. "దరఖాస్తుదారు దుఃఖం సంతృప్తికరంగా లేదు. తిరస్కరించడమైనది."

ఒక్కొక్కరుగా అందరిదీ అదే గతి. పంటి నొప్పి అని చెప్పబోయి నేను కూడా నవ్వేశాను. చివరికి అనసూయ వంతు వచ్చింది. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"నాకు ఏం చెప్పాల్నో తెల్వది సారూ," అంది. "ఆదివారం పోయొచ్చేదాన్ని. బాతు పడవ గిట్ల తిరిగింది, పెండ్లిల ముసలాయన గిట్ల ఆడిండు అని ఆయనకు చేసి సూపించేదాన్ని. ఆయనకు మాట రాదు గని నవ్వొస్తది. గా నవ్వు కోసమే పోయేదాన్ని. ఇప్పుడు పోతలేను. చెప్పనీకి ఏం లేదు. ఇద్దరం గోడ జూసుకుంట కూసుంటున్నం."

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకోవడం మరిచిపోయారు. పైకి పంపకుండా, కిందికి పంపకుండా, ఎవరి అభిప్రాయమూ కోరకుండా అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఆ సంస్థ చరిత్రలో అదొక్కటే అలాంటి సంతకమని తర్వాత తెలిసింది.

"అమ్మా, మీరు దుఃఖితులు. మీరు స్వేచ్ఛగా వెళ్ళవచ్చు."

అనసూయ కాగితం పట్టుకుని లేవలేదు. "ఒక్కదాన్ని పోయి ఏం జేయాలె సారూ? చెరువు కట్ట మీద ఒక్కదాన్నే కూసుంటే ఇంకా ఏడుపొస్తది."

పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు. సంస్థ ధ్రువీకరించిన దుఃఖితురాలు చెరువు కట్ట మీద ఒంటరిగా ఏడుస్తోందంటే మర్నాడు పేపర్లో ఎలా వస్తుందో ఆయనకు కనిపించినట్టుంది. వెంటనే ఇంకో ఉత్తర్వు రాయించారు. దుఃఖితురాలి వెంట తగినంతమంది సహాయకులు ఉండాలి. అయితే సహాయకులు విధి నిర్వహణలో ఉంటారు కనుక, వారు ఎట్టి పరిస్థితిలోనూ ఆనందించరాదు. దీన్ని చూసుకోవడానికి ఒక పర్యవేక్షకుడు వెంట వెళ్ళాలి. అతనికి ఆదివారం పనికి బదులు మరో రోజు సెలవు.

ఆ ఆదివారం మా గల్లీ మళ్ళీ కదిలింది. ముందు అనసూయ, చేతిలో దుఃఖ ధ్రువపత్రం. ఆమె వెనక విచార వదనాలతో మేమందరం. మా వెనక మెడలో ఈలతో పర్యవేక్షకుడు. అతని పేరు నవనీత్, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. నవ్వు రాబోతున్నట్టు అనుమానం వస్తే చాలు, ఈల ఊదేవాడు. ఈల వినగానే మాకు ఇంకా నవ్వు వచ్చేది. కొంగులు నోట్లో కుక్కుకుని, భుజాలు కదులుతుంటే, ఏడుస్తున్నారనుకుని జనం దారి ఇచ్చేవారు.

అత్తరు దుకాణం ముసలాయన మా ముఖాలు చూసి కంగారుపడ్డాడు. "క్యా హువా అమ్మా? ఏమైంది?"

"వీళ్ళు దుఃఖంలో ఉన్నారు," అన్నాడు నవనీత్ అధికారికంగా.

ఆ పెద్దమనిషికి కళ్ళు చెమర్చాయి. ప్రతిసారీ ఒక చుక్క రాసేవాడు ఆ రోజు రెండు చేతులకూ రాశాడు. పర్యవేక్షకుడి చెవి వెనక కూడా ఒక అత్తరు దూది పెట్టాడు.

అక్కడినుంచి ఫంక్షన్ హాళ్ళ రోడ్డుకు వచ్చాం. నిజమైన బరాత్ వస్తోంది. గుర్రం మీద నిజమైన పెళ్ళికొడుకు ఉన్నాడు. మేం రోడ్డు పక్కన తలలు దించుకుని నిలబడ్డాం. పెళ్ళికొడుకు మేనమామ అది చూశాడు. తన మేనల్లుడి పెళ్ళిలో ఇంతమంది ఏడుపు ముఖాలతో నిలబడడం ఆయనకు నచ్చలేదు.

"ఏందమ్మా, మా పోరడు మీకు నచ్చలేదా? దా బిడ్డా, దా!" అంటూ ఆయన చెయ్యి చాపాడు. ఆ చేతికి మొదట దొరికింది నవనీత్. "డ్యూటీలో ఉన్నానండీ" అని అతను అంటుండగానే గుంపు మధ్యలోకి లాగేశాడు. నోట్లో ఈల ఉంది. గుంపు తోపులాటకు ఊపిరి బయటికి వచ్చినప్పుడల్లా ఈల మోగింది. అది సరిగ్గా మర్ఫా దెబ్బకు కుదిరింది. మర్ఫావాళ్ళు హుషారెక్కి వేగం పెంచారు. నవనీత్ కాళ్ళు అతను చెప్పినట్టు వినడం మానేశాయి. కాసేపటికి అతనే చేతులు పైకెత్తి, ఆకుపచ్చ కోటు విప్పి గాల్లో తిప్పాడు.

అనసూయ నవ్వింది. మొదట చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత మణెమ్మక్క భుజం పట్టుకుని, చివరికి రోడ్డు పక్క మెట్ల మీద కూలబడి నవ్వింది. ఆ రాత్రి పక్కింట్లోంచి ఈల ఊదుతున్నట్టు ఆమె నోటితో చేసే చప్పుడూ, దాని వెంట ఒక మగ గొంతు గరగరమని నవ్వడమూ మా వాటాలోకి వినపడ్డాయి.

నవనీత్ ఆ వారం నివేదికలో 'దుఃఖం యథాతథంగా కొనసాగుతోంది' అని రాశాడు. తర్వాతి ఆదివారం పిలవకుండానే వచ్చాడు.

సంగతి దాగలేదు. దుఃఖ ధ్రువపత్రం ఉంటే ఎక్కడైనా తిరగొచ్చని ఊరంతా పాకింది. సంస్థ ఆఫీసు ముందు వరస మొదలై, మలుపు తిరిగి, ఇరానీ హోటలు దాటిపోయింది. దుఃఖితులు కావడానికి జనం కుటుంబాలతో వచ్చారు. వరసలో పల్లీలు పంచుకున్నారు, పాత సినిమా పాటలు పాడుకున్నారు, రెండు సంబంధాలు కూడా కుదిరాయి. లోపలికి వెళ్ళేటప్పుడు మాత్రం ముఖాలు సర్దుకునేవారు. నవ్వినవాళ్ళను వరస చివరికి పంపేవారు. వాళ్ళు అక్కడ మరింత నవ్వేవారు. మణెమ్మక్క పోయి వాళ్ళకు దుఃఖపడడం నేర్పేది. ఆమె నేర్పుతుంటే ఎవరికీ దుఃఖం వచ్చేది కాదు.

సంవత్సరాంతంలో లెక్కలు పైకి వెళ్ళాయి. నగర జనాభాలో అధిక భాగం ధ్రువీకరించబడిన దుఃఖితులని తేలింది. పై అధికారులు గుండెలు బాదుకున్నారు. ఈ దుఃఖాన్ని తొలగించడానికి సంస్థ నిధులు అడిగింది. నిధులు లేవన్నారు. మరునాడు పేపర్లలో ఈ ప్రకటన వచ్చింది. మా ప్రెస్సులోనే అచ్చయింది, ప్రూఫు నేనే దిద్దాను.

'నిధుల కొరత కారణంగా నగరంలో ఉచిత ఆహ్లాదాన్ని తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు నిలిపివేయడమైనది. గాలి, సూర్యాస్తమయం, వెన్నెల మొదలగునవి ఇకపై సంస్థ బాధ్యత కాదు.'

ఆ సాయంత్రమే గుడ్డ కట్టినవాళ్ళు వచ్చి, ఎక్కడో పెళ్ళి పందిరికి కావాలని ట్యాంక్‌బండ్ మీది ఆకుపచ్చ గుడ్డ విప్పుకుపోయారు. వెనకాల చెరువు అలాగే ఉంది.

ఇంత జరిగాక ఎవరో ఒకరు విచారించాలి కదా. ఏకసభ్య విచారణ సంఘాన్ని వేశారు. ఆ సభ్యుడు ఒక రిటైర్డ్ జడ్జీగారు. మిగతా రోజుల్లో హాలు ఖాళీ లేదని విచారణ ఆదివారం సాయంత్రాలు పెట్టారు. హాలులో ఏసీ ఉంది. మెత్తటి కుర్చీలు. మధ్యలో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ప్రజలెవరైనా రావచ్చు, టికెట్టు లేదు. మణెమ్మక్క ఆ వార్త నా చేత రెండుసార్లు చదివించుకుంది.

మొదటి ఆదివారం పరాంకుశం గారిని ప్రశ్నించారు.

"మీరు ఎప్పుడైనా సూర్యాస్తమయం చూశారా?" అని అడిగారు జడ్జీగారు.

"ఫైల్లో చూశానండి. వివరాలన్నీ సక్రమంగానే ఉన్నాయి."

"గుర్రం మంజూరు చేసి పెళ్ళికొడుకును ఎందుకు ఆపారు?"

"గుర్రం జంతు విభాగం కిందికి వస్తుందండి. పెళ్ళికొడుకు ఏ విభాగం కిందికి వస్తాడో న్యాయ సలహా కోరాం. ఇంకా రాలేదు. ఈలోగా, మేం ఎంపిక చేసిన పెళ్ళికొడుక్కి కవల పిల్లలు పుట్టారండి."

హాలు దద్దరిల్లింది. మావాళ్ళకు చాయ్ పొలమారింది. జనం బయట నిలబడి కిటికీల్లోంచి చూస్తున్నారు. తర్వాతి వారం మణెమ్మక్కను సాక్షిగా పిలిచారు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, బోనులోకి వెళ్ళి, జడ్జీగారికి దండం పెట్టింది.

"అమ్మా, నిజం చెప్పండి. ఈ సంస్థ వల్ల మీకు ఎప్పుడైనా, ఎంతో కొంత, ఆహ్లాదం కలిగిందా?"

మణెమ్మక్క చల్లగా ఉన్న హాలునంతా ఒకసారి కలయజూసింది. కిక్కిరిసిన జనాన్ని, ఫైళ్ళ కట్టల మధ్య చెమటలు తుడుచుకుంటున్న పరాంకుశం గారిని, వస్తున్న బిస్కెట్ల పళ్ళేన్ని చూసింది.

"అబద్దం ఎందుకు జెప్పాలె సారూ," అంది. "ఇగో, గిప్పుడు కలుగుతాంది."

జడ్జీగారు రుమాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. సాక్ష్యం మరింత లోతుగా నమోదు చేయాలని చెప్పి, సంఘం గడువు పొడిగించమని ప్రభుత్వానికి రాశారు. ప్రభుత్వం పొడిగించింది.

ఆ మరుసటి ఆదివారం అనసూయ కొడుకు ఎక్కడో చక్రాల కుర్చీ అడిగి తెచ్చాడు. మల్లేశాన్ని నవనీత్, నేనూ చెరొక పక్క పట్టుకుని ఎక్కించాం. హాలులో వెనక వరస చివర కుర్చీని నిలబెట్టాం. పరాంకుశం గారు గాలి వాటాల గురించి వివరణ ఇస్తున్నారు. ముందు వరుసకూ వెనక వరుసకూ గాలిని సమానంగా పంచే సూత్రం ఆయన చెబుతుండగా, వెనకనుంచి గరగరమని ఒక నవ్వు మొదలైంది. అది ఆగలేదు. హాలంతా వెనక్కి తిరిగింది. పరాంకుశం గారు సూత్రం మధ్యలో ఆగిపోయారు.

"ఎవరది?" అన్నారు జడ్జీగారు. "ఆయన ఏ పక్షం సాక్షి?"

అనసూయ లేచి నిలబడింది. ఒక చెయ్యి మొగుడి భుజం మీద ఉంది.

"మా ఆయన సారూ. సాక్షి గాదు. సూడనీకి వచ్చిండు."

జడ్జీగారు కళ్ళద్దాల పైనుంచి ఆ ఇద్దరినీ చూశారు.

"ముందుకు తీసుకురండమ్మా," అన్నారు. "వెనక సరిగా వినపడదు."